వూఫర్ వైరు ఎక్కడ గుచ్చాలి?

ఇంట్లో చిన్న స్టీరియో ఉంది. గొంతు బాగా వినిపిస్తుంది, వేణువు బాగా వినిపిస్తుంది, డప్పు మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంటుంది. అప్పుడు గుర్తొస్తుంది అటక మీది పాత హోమ్ థియేటర్ వూఫర్. దాని డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పాడైంది, చుట్టూ ఉండే బుల్లి స్పీకర్లు ఎవరికో ఇచ్చేశారు, ఆ నల్ల డబ్బాను మాత్రం పారేయబుద్ధి కాలేదు. సరే, దించారు. దుమ్ము దులిపారు. వెనక రెండు వైర్లు వేలాడుతున్నాయి. స్టీరియో వెనక చూస్తే నాలుగు టెర్మినళ్లు, నాలుగింట్లోనూ ఇప్పటికే వైర్లున్నాయి. మరి ఈ రెండూ ఎక్కడ పెట్టాలి?

చాలామంది ఇక్కడే ఖాళీ రంధ్రం కోసం వెతకడం మొదలుపెడతారు. వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది కూడా, చిక్కంతా అదే. మీ వూఫర్‌కు కావాల్సింది తనకంటూ ఒక ఆంప్లిఫయర్. పాత డీవీడీ ప్లేయర్ లోపల దానికోసమే విడిగా ఒక ఆంప్ ఉండేది. పాటలోంచి బేస్‌ను మాత్రమే వడకట్టి దానికి పంపే ఫిల్టర్ కూడా అక్కడే ఉండేది. ప్లేయర్‌తో పాటే ఆ రెండూ పోయాయి. వాటిని తక్కువ ఖర్చులో మళ్లీ సమకూర్చుకుంటే చాలు, వూఫర్ మోగుతుంది. సోల్డరింగ్ రాకపోయినా ఫర్వాలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం, ఓపిగ్గా వైరు రంగు చూసుకోవడం వస్తే సరిపోతుంది.

1. ముందు అది పాసివ్ వూఫరో కాదో తేల్చుకోండి

డబ్బా వెనక్కి తిప్పండి. కరెంటు ప్లగ్గు వైరు ఉందా? వాల్యూమ్ నాబ్ ఉందా? ఉంటే అందులో ఆంప్ ఉన్నట్టే. మన బజార్లో దొరికే చాలా 2.1, 4.1 సెట్లలో మొత్తం ఆంప్లిఫయర్ వూఫర్ డబ్బాలోనే ఉంటుంది. అలాంటి దానికి స్టీరియో లైన్ అవుట్ నుంచి ఒక పిన్ను వైరు వేస్తే సరి, ఈ అధ్యాయంలో సగం మీకు అక్కర్లేదు.

ప్లగ్గూ నాబూ లేకుండా రెండు టెర్మినళ్లు గానీ, రెండు పోగుల వైరు గానీ మాత్రమే ఉంటే అది పాసివ్, అంటే లోపల ఆంప్ లేనిది. హోమ్ థియేటర్ వూఫర్లకు చివర ఆ కంపెనీ సొంత ప్లాస్టిక్ ప్లగ్గు ఉంటుంది. దానికి సరిపోయే సాకెట్ కోసం ఊరంతా తిరగకండి. ప్లగ్గు కోసేసి, వైరు చివర్లు ఒక సెంటీమీటరు ఒలవండి. గీత ఉన్న పోగు ఏదో, లేనిది ఏదో మాత్రం కోసే ముందే కాగితం మీద రాసుకోండి.

ఇంకో రకం ఉంది: వెనక ఎనిమిది టెర్మినళ్లు, నాలుగు ‘ఇన్’, నాలుగు ‘అవుట్’. ఆంప్ నుంచి వచ్చే ఎడమ, కుడి వైర్లు ‘ఇన్’లోకి, అక్కడి ‘అవుట్’ నుంచి మీ రెండు స్పీకర్లకు. ఇలాంటి వాటి లోపల ఫిల్టర్ ముందే కట్టి ఉంటుంది. స్టీరియోకు నేరుగా తగిలించదగ్గ పాసివ్ వూఫర్ ఇదొక్కటే. అయినా డబ్బా మీద రాసిన ఓమ్‌లు, స్టీరియో వెనక రాసిన ఓమ్‌లు పోల్చి చూడకుండా తగిలించకండి.

2. ప్రాణం ఉందో లేదో చూడండి

బోర్డు కొనుక్కొచ్చాక వూఫర్ కాయిల్ కాలిపోయిందని తెలిస్తే ఎంత చిరాకు! ముందే చూసుకుందాం. కోన్ చుట్టూ ఉండే అంచును వేలితో తాకండి. రబ్బరైతే మెత్తగా వంగుతుంది. ఫోమ్ అయితే, ఏళ్ల తరబడి అటక మీద ఉడికింది కాబట్టి, పొడిపొడిగా రాలిపోవచ్చు. రాలితే ఆ అంచు ఒక్కటే మార్పించుకోవచ్చు, డబ్బాను తిట్టుకోనక్కర్లేదు. తర్వాత రెండు చేతుల వేళ్లతో కోన్‌ను నాలుగు వైపులా సమానంగా, నెమ్మదిగా లోపలికి నొక్కండి. చప్పుడు లేకుండా వెళ్లి వస్తే మంచిది. గరగరమంటే కాయిల్ దెబ్బతిన్నట్టు. గాలి రంధ్రంలోకి టార్చ్ వేసి చూడటం మర్చిపోకండి. మన ఇళ్లలో అటకెక్కిన డబ్బాలో బొద్దింకల కాపురం మామూలే.

ఇప్పుడు మామూలు ఒకటిన్నర వోల్టుల పెన్‌సెల్ తీసుకుని వూఫర్ వైర్లకు క్షణం పాటు తాకించండి. టప్‌మని కోన్ కదిలిందా? ముందుకు వచ్చిందంటే సెల్ ప్లస్ తాకిన వైరే వూఫర్ ప్లస్. దాని మీద ఎర్ర టేపు చుట్టేయండి. అసలు కదలకపోతే వైరు తెగి ఉండాలి, లేదా కాయిల్ పోయి ఉండాలి.

3. ఓమ్‌లు తెలియకుండా దుకాణం మెట్లెక్కకండి

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లిన కుర్రాడిని ఊహించుకోండి.

“అన్నా, వూఫర్‌కి ఆంప్ బోర్డు కావాలి.”

“ఎన్ని ఓమ్స్ తమ్మీ?”

“ఎనిమిది ఇంచులదన్నా.”

“ఇంచులు గాదు, ఓమ్స్ అడిగిన. పోయి డబ్బా ఎనక చూసి రా.”

ఆ అన్న అడిగింది న్యాయమే. ఓమ్ అంకె ఎంత చిన్నదైతే ఆ వూఫర్ ఆంప్ నుంచి అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. హోమ్ థియేటర్ వూఫర్లలో 3 ఓమ్‌లు, 4 ఓమ్‌లవి ఎక్కువ. అంకె డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. స్టిక్కర్ ఊడిపోతే మల్టీమీటరును 200 ఓమ్‌ల దగ్గర పెట్టి కొలవండి. మీటరు చూపేది అసలు అంకె కంటే కొంచెం తక్కువే ఉంటుంది: మూడుంపావు, మూడున్నర దగ్గర చూపిస్తే అది 4 ఓమ్‌ల వూఫర్, ఆరు దగ్గర చూపిస్తే 8 ఓమ్‌లది. కొలిచే ముందు మీటరు రెండు కొసలను ఒకదానికొకటి తాకించి, అప్పుడు వచ్చే చిన్న అంకెను తీసేయడం మంచిది. ఇంత తక్కువ కొలతల దగ్గర ఆ కాస్త తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

4. ఈ నాలుగు పనులూ చేయకండి

ఎంత చెప్పినా చెయ్యి ఊరుకోదు. ‘ఒక్కసారి తగిలించి చూద్దాం, ఏమవుతుంది?’ అనిపిస్తుంది. ఏమవుతుందో చెప్తాను.

మొదటిది, స్పీకర్ ఉన్న టెర్మినల్‌లోనే వూఫర్ వైరును కూడా కలిపి దూర్చడం. మీ స్పీకర్ 6 ఓమ్‌లు, వూఫర్ 4 ఓమ్‌లు అనుకోండి. రెండూ పక్కపక్కన కలిస్తే ఆంప్‌కు కనిపించేది 2.4 ఓమ్‌లు. స్టీరియో వెనక ‘కనీసం 6 ఓమ్‌లు’ అని రాసి ఉంటుంది. కాసేపు మోగుతుంది, మీకు సంతోషం వేస్తుంది. వాల్యూమ్ పెంచగానే వేడెక్కుతుంది. అదృష్టం బాగుంటే తనంతట తనే ఆగిపోతుంది, బాగోకపోతే లోపలి ఐసీ పోతుంది. పైగా ఫిల్టర్ లేదు కాబట్టి వూఫర్‌లోంచి గాయకుడి గొంతు కూడా ముక్కు మూసుకుని పాడినట్టు బయటికొస్తుంది. ‘ఏ’, ‘బీ’ అని రెండు జతల టెర్మినళ్లున్న స్టీరియో అయినా సంగతి ఇంతే. లోపల రెండు జతలకూ ఆంప్ ఒకటే.

రెండోది, ఎడమ ప్లస్ ఒక వైరుకు, కుడి ప్లస్ ఇంకో వైరుకు. ‘రెండు వైపుల పవరూ కలిసొస్తుంది కదా’ అని ఎవరో ఒక బావమరిది సలహా ఇస్తాడు. ఇలా కలిపితే వూఫర్‌కు చేరేది రెండు ఛానళ్ల మధ్య తేడా మాత్రమే. పాటల్లో బేస్‌ను సాధారణంగా రెండు వైపులా సమానంగానే కలుపుతారు కాబట్టి, కావాల్సిన బేస్సే కొట్టుకుపోతుంది. రెండు ప్లస్‌లను ఒకే వైరుకు ముడి వేస్తే ఇంకా ఘోరం, ఆంప్‌లు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి.

మూడోది, ‘సబ్‌వూఫర్ అవుట్’ అని రాసి ఉందని ఆ గుండ్రటి పిన్ను రంధ్రంలోకి పాసివ్ వూఫర్ వైరు పెట్టడం. అక్కడి నుంచి వచ్చేది ఆంప్‌లోకి వెళ్లాల్సిన బలహీనమైన సిగ్నల్. వూఫర్ కోన్‌ను కదిలించే సత్తువ దానికుండదు. కాకపోతే ఆ రంధ్రం ఉందంటే మీరు అదృష్టవంతులే. తర్వాతి మెట్టులో అది బాగా పనికొస్తుంది.

నాలుగోది, చిన్న డిజిటల్ ఆంప్‌లలో మైనస్ టెర్మినళ్లను ఒకదానితో ఒకటి కలపడం, లేదా డబ్బా లోహానికి తాకించడం. ఇప్పటి బుల్లి స్టీరియోలు చాలావాటిలో మైనస్‌లోనూ సిగ్నల్ ఉంటుంది, అది ఎర్త్ కాదు. నాలుగు వైర్లూ దేనికదే ఉండాలి.

బేస్ వడపోతకు పెద్ద రాగి కాయిల్ చుట్టి వూఫర్‌కు సిరీస్‌లో పెట్టుకోవచ్చు కదా అని ఎలక్ట్రానిక్స్ చదివిన పాఠకులు అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ బేస్ దగ్గర ఓమ్‌ల చిక్కు అలాగే ఉంటుంది. 4 ఓమ్‌ల వూఫర్‌కు 100 హెర్ట్జ్ దగ్గర కోయాలంటే సుమారు 6.4 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. బరువుకు బరువు, ఖర్చుకు ఖర్చు. దాని మీద పెట్టే డబ్బుతో ఆంప్ బోర్డే వచ్చేటట్టుంటే కాయిల్ ఎందుకు?

5. వూఫర్‌కు దాని ఆంప్ ఇవ్వండి

ఇక అసలు పని. మీ ముందు మూడు దారులున్నాయి.

సులువైనది, సబ్‌వూఫర్ కోసమే చేసిన మోనో ఆంప్ బోర్డు. దాని మీద రెండు నాబ్‌లుండాలి, ఒకటి వాల్యూమ్‌కు, ఒకటి ఎంత ఫ్రీక్వెన్సీ దగ్గర కోయాలో చెప్పడానికి. రెండోది లేని బోర్డు కొనకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. ఇలాంటి బోర్డుల్లో బాగా కనిపించే చిప్ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3116డీ2. మోనోగా కట్టినప్పుడు అది 2 ఓమ్‌ల వరకు తట్టుకుంటుంది, కాబట్టి 3 ఓమ్‌ల హోమ్ థియేటర్ వూఫర్‌కు భయం లేదు.

రెండో దారి, 2.1 బోర్డు. రెండు స్పీకర్లకూ వూఫర్‌కూ అన్నిటికీ అదే ఆంప్. స్టీరియో ఎటూ ముసలిదై గరగరమంటోందా? అయితే ఈ దారే మేలు. బ్లూటూత్ కూడా ఉన్న 2.1 బోర్డులు దొరుకుతాయి. కొనే ముందు స్పీకర్ల ఛానళ్లు ఎన్ని ఓమ్‌లకు తట్టుకుంటాయో కూడా అడగండి.

మూడోది, వూఫర్ డబ్బా వెనక బిగించే ప్లేట్ ఆంప్. చూడటానికి నీటుగా ఉంటుంది గానీ డబ్బాను రంపంతో కోయాలి. చెక్కపనిలో చెయ్యి తిరిగిన వాళ్లకు వదిలేద్దాం.

బోర్డు మీద ‘100 వాట్లు’ అని అచ్చేసి ఉంటుంది. అది నమ్మి ఇంట్లో పడి ఉన్న రూటర్ అడాప్టర్ తగిలించి, ‘బేస్ రావట్లేదు, బోర్డు డూప్లికేటు’ అని దుకాణదారుతో గొడవపడేవాళ్లు ఉంటారు. తప్పు బోర్డుది కాదు. 12 వోల్టులు ఇస్తే 4 ఓమ్‌ల వూఫర్‌కు మహా అయితే 18 వాట్లు వస్తాయి. 19 వోల్టులు ఇస్తే 45 దాకా, 24 వోల్టులు ఇస్తే 70 దాకా వస్తాయి. ఇవి లెక్క ప్రకారం గరిష్ఠాలు, చేతికందేది ఇంకాస్త తక్కువ. పాత లాప్‌టాప్ అడాప్టర్ ఇంట్లో ఉందా? 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని రాసి ఉంటే అది 65 వాట్ల అడాప్టర్, పడకగదికి దివ్యంగా సరిపోతుంది. హాలుకైతే 24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై తీసుకోండి. బోర్డు ఎన్ని వోల్టుల వరకు తట్టుకుంటుందో అడిగి మరీ కొనండి. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే బోర్డు ఒక్క క్షణంలో పోతుంది, కాబట్టి మీటరుతో సరిచూశాకే బిగించండి.

ఇంతకీ ఆ బోర్డుకు పాట ఎక్కడి నుంచి రావాలి?

స్టీరియో వెనక ‘సబ్‌వూఫర్ అవుట్’ ఉంటే అక్కడి నుంచి. లేకపోతే ‘లైన్ అవుట్’ లేదా ‘రెక్ అవుట్’ నుంచి. ‘రెక్ అవుట్’లో ఒక తిరకాసు ఉంది. స్టీరియో వాల్యూమ్ తగ్గించినా అది తగ్గదు. పాట మెల్లగా, వూఫర్ గట్టిగా మోగుతూ ఉంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రంలో పెడితే చాలా స్టీరియోలు స్పీకర్లను ఆపేస్తాయి, అదీ కుదరదు.

మీరు వినేది ఎప్పుడూ టీవీ నుంచో ఫోన్ నుంచో అయితే ఇంకా తేలిక. అక్కడే ఒక స్ప్లిటర్ పెట్టి ఒక కొస స్టీరియోకు, ఇంకోటి వూఫర్ బోర్డుకు ఇవ్వండి, వాల్యూమ్‌ను టీవీ రిమోట్‌తో రెండింటికీ కలిపి తగ్గించుకోవచ్చు. ఒక అవుట్‌ను రెండు ఇన్‌లకు పంచడం నిక్షేపంగా చేయవచ్చు. రెండు అవుట్‌లను ముడేసి ఒక ఇన్‌లోకి తోయడం మాత్రం కూడదు. ఈ తేడా గుర్తుంటే పిన్నుల గందరగోళం సగం తీరుతుంది.

ఏ అవుట్ లేదా? స్పీకర్ టెర్మినళ్లు తప్ప ఇంకేమీ లేదా? కార్ల స్టీరియో దుకాణంలో హై-లో కన్వర్టర్ అడగండి. అది స్పీకర్ టెర్మినల్ దగ్గరి బలమైన సిగ్నల్‌ను మెత్తబరిచి పిన్ను వైరులోకి ఇస్తుంది. స్పీకర్లు తమ చోట అలాగే ఉంటాయి, కన్వర్టర్ వైర్లు వాటి పక్కనే చేరతాయి. ఇది లాగే కరెంటు అతి స్వల్పం కాబట్టి ఓమ్‌ల గొడవ రాదు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకమే అడిగి తీసుకోండి, ఇందాక చెప్పిన మైనస్ సమస్య దానితో తప్పుతుంది.

6. వైర్లు బిగించడం

అన్ని ప్లగ్గులూ పీకేశాకే మొదలుపెట్టండి. వూఫర్‌కు 1.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్ రాగి వైరు చాలు, బంగారు పూత పిన్నుల మోజు అక్కర్లేదు. ఒలిచిన పోగులను వేళ్లతో గట్టిగా మెలితిప్పి దూర్చండి. ఒక్క వెంట్రుకంత పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్టే. బిగించాక వైరును మెల్లగా లాగి చూడండి. బోర్డును ఊరికే టేబుల్ మీద వదిలేయకుండా గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, పిల్లలున్న ఇంట్లో మరీను.

7. మొదటిసారి మోగించేటప్పుడు

వూఫర్ వాల్యూమ్ సున్నా. ఫ్రీక్వెన్సీ నాబ్ 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య. మీ స్పీకర్లు మరీ చిన్నవైతే, మూడంగుళాలవైతే, 120 దాకా పెంచుకోవచ్చు. బాగా తెలిసిన పాట మామూలు వాల్యూమ్‌లో పెట్టండి. మీరు రోజూ వినే కచేరీలో మృదంగం ఉంటే అంతకంటే మంచి పరీక్ష లేదు. ఎడమ వైపు తడి రవ్వ ముద్ద అంటించి దాని నాదాన్ని దించుతారు కదా, ఆ ఎడమ చేతి గుంకీ గుండ్రంగా పలకాలి. ఇప్పుడు వూఫర్ నాబ్‌ను మెల్లగా పెంచుతూ పోండి. ‘ఆ, వూఫర్ మోగుతోంది’ అనిపించిన చోట ఆగి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తిప్పండి. వూఫర్ ఆపితే పాట బక్కచిక్కినట్టు ఉండాలి, ఆన్‌లో ఉంటే అది ఏ మూల ఉందో తెలియకూడదు. మొదటి వారం అందరూ ఎక్కువే పెట్టుకుంటారు, కొత్త మోజు. వారం తర్వాత వాళ్లే తగ్గిస్తారు.

తర్వాత ఒక చిన్న ప్రయోగం. మీరు కూర్చునే చోటే కూర్చుని విని, ప్లగ్గు తీసి, వూఫర్ ప్లస్, మైనస్ వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి. ఏ వరసలో బేస్ నిండుగా ఉందో అదే ఉంచండి. ఎర్ర టేపు ఏం చెప్పినా ఇక్కడ చెవి మాటే చెల్లుతుంది.

8. డబ్బా ఎక్కడ పెట్టాలి?

‘బేస్‌కు దిక్కు ఉండదు, ఎక్కడ పెట్టినా ఒకటే’ అంటారు. అందులో సగమే నిజం. దిక్కు తెలియదు గానీ చోటు మారితే మోత మారిపోతుంది. మన పడకగదులు చాలావరకు పది అడుగులు, పన్నెండు అడుగులు, చుట్టూ సిమెంటు గోడలు. అలాంటి గది 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర తనే మోగుతుంది. మూలన పెట్టారంటే ఆ రెండు స్వరాలే గుమ్మని ఊగిపోయి మిగతావి వినిపించవు. కాబట్టి ఇలా చేయండి: వూఫర్‌ను తాత్కాలికంగా మీరు కూర్చునే కుర్చీ దగ్గరే పెట్టి పాట ఆన్ చేయండి. మీరు నేల మీద వంగి గోడల వెంబడి మెల్లగా తిరగండి. ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎక్కడ బేస్ స్పష్టంగా, గుమ్మనకుండా వినిపించిందో డబ్బాను అక్కడ పెట్టండి.

అపార్ట్‌మెంటులో ఉంటే పక్కింటి గోడకు ఆనించకండి, కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. రాత్రి పదయ్యాక వూఫర్ నాబ్ ఎక్కడుండాలో నేను చెప్పక్కర్లేదు, కింది ఫ్లాటు ఆంటీ చెబుతుంది.

9. గుయ్‌మంటోందా?

పాట ఆపినా సన్నగా గుయ్‌మనే మోత వస్తుంటే కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అది సరిగ్గా వూఫర్ మోగే పరిధిలోనే ఉంది. చిన్న స్పీకర్లలో వినిపించని మోత ఇందులో బయటపడుతుంది. బోర్డుకు వచ్చే పిన్ను వైరు పీకండి. మోత ఆగిందా? తప్పు ఆ వైరుదో, దాని అవతలిదో. స్టీరియో, టీవీ, వూఫర్ అడాప్టర్ అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చి చూడండి, పిన్ను వైరును కరెంటు వైర్ల పక్క నుంచి కాకుండా దూరంగా తీసుకెళ్లండి. పిన్ను పీకినా మోత అలాగే ఉంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి. దుకాణానికి వెళ్తే ఈసారి వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు మూడూ కాగితం మీద రాసుకునే వెళ్లండి.